అయిదున్నరకు మారిన తారీఖు

మా చెల్లె రెండు జనన ధ్రువపత్రాలు తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కవల పిల్లలవి. పెద్దదాని కాగితం మీద మే ముప్పై ఒకటి అని ఉంది. చిన్నదాని కాగితం మీద జూన్ ఒకటి అని ఉంది.

"జర సూడన్నా," అంది. "బడోళ్లు పెద్దదానికి ఒకటో తరగతిల సీటిచ్చిండ్రు. చిన్నదాన్ని వచ్చే ఏడు తీస్కరమ్మన్నరు. మే ఆఖరుకల్లా ఆరేండ్లు నిండాల్నట. దీనికి ఒక్క దినం తక్కువైందట."

"ఒక్క దినమే గదా అని అడగకపోయినవా?"

"అడిగిన. కంప్యూటర్ల పట్టదట. ఒక్క కడుపుల పిల్లలు రెండు తారీఖులెట్ల పుట్టిండ్రమ్మా అని ఆఫీసులున్నాయన నవ్విండు. పక్కన నిలబడ్డోళ్లంత నవ్విండ్రు. నాకు తలకాయ తీసేసినట్టయింది." కాగితాల మీద వేలు పెట్టి నొక్కింది. "నీ దవాఖానల పడ్డ తారీఖే గదా ఇది. చిన్నదానిది గూడ మే చెయ్యి. ఇద్దరు ఒక్కనాడు పుట్టినోళ్లే కదా."

నీ దవాఖాన అంది కానీ అది నాది కాదు. మెదక్ బస్టాండుకు నడిచి పోయేంత దూరంలో ఉన్న చిన్న కాన్పుల దవాఖాన అది. నడిపేది ఒక డాక్టరమ్మ. దాని లెక్కలూ కంప్యూటర్లూ చూసేది నేను. అంతకుముందు చాలా ఏండ్లు ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పని చేశాను. నోటి లెక్క తొందరగా వచ్చేది. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. ఒక పాత మిషన్ కొనుక్కుని, పాడు చేసుకుంటూ, బాగు చేసుకుంటూ నేర్చుకున్నాను. దవాఖానలో పుట్టిన పిల్లల వివరాలు రాసే ప్రోగ్రాము నేను కట్టిందే. పిల్ల పుట్టగానే నర్సు తల్లి పేరు, పుట్టిన గంట, బరువు కొడుతుంది. తారీఖు మాత్రం మిషనే వేస్తుంది. మనుషులు తారీఖులు తప్పు రాస్తారని, ఆ పని మనుషుల చేతిలో ఉంచలేదు. అదొక జాగ్రత్త అని అప్పుడు నాకు గర్వం.

కాబట్టి ఆ రెండు తారీఖులు ఎవరు వేశారో చెల్లె చెప్పనక్కర లేదు.

వాళ్లు పుట్టిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. మేనమామను కదా, రాత్రంతా వరండాలో బెంచీ మీదనే. చెల్లె అత్తగారు అల్లాదుర్గ్ నుంచి వచ్చి నా పక్కన కూచుంది. పెద్దది పుట్టినప్పుడు ఇంకా మసక చీకటి. కాసేపటికి నర్సు చేతిచీటీ ముద్రించి పిల్ల మణికట్టుకు కట్టి బయటికి తెచ్చింది. చిన్నది మమ్మల్ని చాలాసేపు ఆగబెట్టింది. అది ఏడ్చేసరికి కిటికీలోంచి ఎండ గోడ మీద పడింది. రెండు చీటీల మీదా తారీఖులు చూసి నేను నోరు తెరిచేలోపల అత్తమ్మే అంది:

"సూసినవా బిడ్డా. పెద్దది పొద్దు పొడవకముందు పుట్టింది, అది నిన్నటి పిల్ల. చిన్నది పొద్దు పొడిచినంక పుట్టింది, ఇది ఇయ్యాల్టి పిల్ల. నీ మిషన్‌కు గూడ పంచాంగం తెల్సు."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవును అన్నారు. మాలో దినం మారేది పొద్దు పొడుపుతోనే. తెల్లవారుజామున పోయిన మనిషిని ముందటి దినంలోనే లెక్కేస్తాం. నాకూ అదే అలవాటు. కానీ ఇంగ్లీషు తారీఖు రాత్రి పన్నెండుకు మారుతుందని నాకు తెలియక కాదు. ఒక్క క్షణం అనుమానం తగిలింది. పన్నెండు దాటి చాలాసేపయింది, ఇద్దరిదీ జూన్ ఒకటే కావాలి కదా అనుకున్నాను. తర్వాత నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. చెల్లెను రాత్రి చేర్చుకున్నప్పుడే నర్సు ప్రోగ్రాము తెరిచి పెట్టి ఉంటుంది, అందుకే పెద్దదానికి పాత తారీఖు పడింది, చిన్నదానికి మళ్లీ తెరిచింది కాబట్టి కొత్తది పడింది అని. చూడటానికి లెక్క సరిపోయింది. వెళ్లి నర్సును అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. చెల్లె అత్తగారు నా పనిని నలుగురిలో మెచ్చుకుంటున్నది. లేవబుద్ధి కాలేదు.

ఆ రెండు దినాల మీదనే ఇద్దరికీ జాతకాలు రాయించారు, పేర్లకు అక్షరాలు వెతికారు. పెద్దది మంగళవారం పిల్ల, చిన్నది బుధవారం పిల్ల అని ఇంట్లో ముద్దు చేశారు. పెద్దది కొంచెం మాటలు నేర్చిన దగ్గర నుంచి "నేను ఒక దినం అక్కను" అని చెల్లెలి మీద పెత్తనం చేసేది.

ఇంకొకసారి కూడా మిషన్ నన్ను హెచ్చరించింది. కవలలు పుట్టిన తర్వాత రెండేండ్లకనుకుంటాను, చర్చి వైపు నుంచి ఒక టీచరు సార్ వచ్చాడు. "మా బాబు ఆదివారం పొద్దున మూడింటికి పుట్టిండు సార్. కాగితం మీద శనివారం తారీఖు వచ్చింది. మేము ఆదివారం అనే దేవునికి స్తోత్రం చెప్పుకున్నం," అన్నాడు. నేను క్షమించమని చెప్పి, తారీఖు చేత్తో దిద్ది, కొత్త కాగితం ఇచ్చాను. ఆయన పోయిన తర్వాత నర్సును పిలిచి గద్దించాను. ప్రోగ్రాము మూసి మళ్లీ తెరవకుండా కొడుతున్నావు, నిద్రమత్తులో పని చేస్తే ఇట్లనే ఉంటుంది అన్నాను.

"నేను తారీఖు కొట్టనే కొట్ట సార్. అదే పడ్తది," అంది ఆమె.

"అది దానంతట అది తప్పు పడదు," అన్నాను.

ఆమె తన బల్ల దగ్గరికి పోయింది. ఆమె కూడా చర్చి వైపు మనిషే. నాకన్నా కొన్నేండ్లు చిన్న.

ఇప్పుడు చెల్లె కాగితాలు పట్టుకుని నర్సు బల్ల దగ్గరికి పోయాను. అక్కడి మిషన్‌కు బొమ్మల తెర లేదు, మౌస్ లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే దానికి ఒక జవాబు వస్తుంది. దాన్నే టెర్మినల్ అంటారు. ప్రోగ్రాము ఆపి, "డేట్" అని కొట్టాను. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తున్నది. తెర మీద అయిదూ నలభై అయిదు అని వచ్చింది. పక్కన యూటీసీ అని మూడు అక్షరాలు. అవి లండన్ వైపు గడియారపు గుర్తు.

గోడకూ తెరకూ మధ్య తేడా నా నోటికి వచ్చేసింది. సరిగ్గా అయిదున్నర గంటలు.

ఆ తెరా నా గదిలోని తెరా ఒకే మిషన్‌వి. ఒక మిషన్ మీద ఒకటే గడియారం ఉంటే నా తెర మీద ఎప్పుడూ టైము సరిగ్గా ఎట్లా వచ్చింది? అది నేను చేసుకున్న పనే. ఏ ప్రోగ్రాము మొదలైనా దాని వెంట కొన్ని పేర్లు, ఆ పేర్లకు విలువలు వస్తాయి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు వాటిని. ఏ భాషలో మాట్లాడాలి, అంకెల మధ్య కామాలు ఎక్కడ పెట్టాలి, ఏ ఊరి టైము చెప్పాలి, ఇవన్నీ ప్రోగ్రాము ఆ పేర్లలో వెతుక్కుంటుంది. దొరికితే అట్లా నడుస్తుంది. దొరకకపోతే మనల్ని అడగదు, తనకు మొదటి నుంచి తెలిసినట్టు నడుస్తుంది. పొద్దున ఏ ఇంటి నుంచి బయలుదేరిన మనిషికి ఆ ఇంటి సద్దే మూటలో ఉన్నట్టు, ప్రోగ్రాముకు కూడా తనను ఎవరు లేపితే వాళ్ల మూటే వెంట వస్తుంది. పక్కింట్లో ఎంత మంచి కూర వండినా దీని మూటలోకి రాదు.

నా గదిలో నా పేరుతో తెరుచుకునే తెరకు నేను మంచి మూట కట్టాను. నేర్చుకున్న కొత్తలో అదొక పిచ్చి. లక్షల దగ్గర, కోట్ల దగ్గర మన పద్ధతిలో కామా పడేటట్టు ఒకటి, తప్పు సందేశాలు తెలుగులో వచ్చేటట్టు ఒకటి, టైము మన దేశానిదయ్యేటట్టు TZ అనే పేరుకు "ఆసియా/కోల్‌కతా" అని ఒకటి. అవన్నీ నా సొంత ఫైలులో రాసుకున్నాను. నర్సు బల్ల మీది ప్రోగ్రాము నేను లేపేది కాదు. పొద్దున కరెంటు రాగానే మిషన్ దాన్ని తనంతట తాను లేపుతుంది. అది నా ఫైలు ముఖం ఎన్నడూ చూడలేదు. ప్రోగ్రాము కట్టినప్పుడు నేను పరీక్ష చేసి చూసింది నా గదిలో, నా పేరుతో, నా తెర మీద. నా దగ్గర సరిపోయింది. అందరి దగ్గరా సరిపోయిందనుకున్నాను.

నర్సు బల్ల దగ్గరే TZ విలువ ఏమిటని అడిగాను. తెర ఒక ఖాళీ వరుస ఇచ్చింది.

"ఏమైంది సార్? మిషన్ ఖరాబైందా?" అని నర్సు వెనక నుంచి వంగి చూసింది.

"మిషన్ బాగనే ఉన్నదమ్మా."

డేట్ అనే మాటకు ముందు TZ విలువ చేర్చి మళ్లీ కొట్టాను. ఆ ఒక్కసారికి మాత్రం పదకొండుంబావు దాటిన టైము వచ్చింది. ఇంకోసారి ఏమీ చేర్చకుండా కొట్టాను. మళ్లీ అయిదున్నర గంటలు వెనక్కి పోయింది. ఆ తర్వాత మిషన్ మొత్తానికి మన టైము పెట్టాను. అంతా కలిపి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

అక్కడే కూచుని లెక్క వేశాను. ఆ తెర గడియారంలో రాత్రి పన్నెండయితే ఇక్కడ పొద్దున అయిదున్నర. అంటే నర్సు బల్ల మీద తారీఖు మారింది రోజూ అయిదున్నరకు. అర్ధరాత్రి నుంచి అయిదున్నర దాకా పుట్టిన ప్రతి పిల్లకూ ఒక దినం ముందటి తారీఖు పడింది. మా ఊళ్లో పొద్దు పొడిచేది కూడా అటూ ఇటూగా ఆ వేళకే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పంచాంగంతో మిషన్ లెక్క దగ్గరదగ్గర కలిసింది. అత్తమ్మ మెచ్చుకున్నది నా తప్పునే.

అప్పటిదాకా తప్పు చిన్నదాని కాగితంలో ఉందని చెల్లె అనుకున్నది, వరండాలో తగిలిన ఆ అనుమానం మరిచిపోయి నేనూ అట్లే అనుకున్నాను. తప్పు పెద్దదాని కాగితంలో ఉంది. ఇద్దరూ జూన్ ఒకటినే పుట్టారు. కాగితం సక్రమంగా దిద్దితే చిన్నదానికి సీటు రాదు, వచ్చిన పెద్దదాని సీటు కూడా పోతుంది.

నేను చెల్లెకు ఆ మధ్యాహ్నం ఫోన్ చేయాల్సింది. చెయ్యలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మిషన్ సంగతి మొత్తం చెప్పాను. ఆమె సగం విని, చేతిలో స్కానింగ్ రిపోర్టు పక్కన పెట్టింది.

"ఇప్పుడు మీ చెల్లెకు ఏం కావాలె?"

"ఇద్దరికి ఒకటే తారీఖు కావాలంటున్నది మేడం. మే ఆఖరుది."

"అయితే సింపుల్. చిన్న పాపది టైపింగ్ మిస్టేక్ అని రాయుండ్రి. ఎంట్రీ చేసింది నర్సమ్మ కాబట్టి ఆమె సంతకం పెట్టియ్యుండ్రి. కింద నేను పెడ్త. మున్సిపాలిటీల మార్చిస్తరు. ఒక దినమే కదా, ఎవరికి నష్టం?"

"మిగతా పిల్లల సంగతి?"

"ఎవరన్న అడిగితే దిద్దియ్యుండ్రి. అడగనోళ్లను పరేషాన్ చెయ్యకుండ్రి." బయట పేషెంట్లు ఎదురు చూస్తున్నారు. ఆమె మళ్లీ రిపోర్టు తీసుకుంది.

నేను నా గదిలోకి వచ్చి ఆ నాలుగు వాక్యాలు టైపు చేశాను. చిన్న పాప వివరాలు నమోదు చేసేటప్పుడు డ్యూటీ నర్సు పొరపాటున ఒక రోజు తర్వాతి తారీఖు నమోదు చేసినట్టు. తెలుగు చక్కగా కుదిరింది. ముద్రించి చేతిలో పట్టుకుంటే ఏ దోషమూ కనబడలేదు. చెల్లె పిల్లలు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచుంటారు. వాళ్లు ఒక మంచం మీద తప్ప నిద్రపోరు, ఒకదానికి జ్వరమొస్తే రెండోది అన్నం తినదు. మేనమామగా ఇంతకన్నా ఏం చేస్తాను అనుకున్నాను. కాగితం తీసుకుని నర్సు దగ్గరికి పోయాను.

ఆమె అన్నం డబ్బా కడుక్కుని వస్తున్నది. నేను కాగితం ఇంకా ఇవ్వకముందే ఆమె అడిగింది:

"గా గడియారం సంగతి తెల్సిందా సార్?"

చెప్పాను. అయిదున్నరకు తారీఖు మారుతున్నదని, ఇన్నేండ్ల నుంచీ అట్లే ఉందని. ఆమె నిలబడి మెల్లగా లెక్క చూసుకుంది. తర్వాత నవ్వింది.

"అంటే మీ మిషన్ లెక్కల మేము పండుగ ఆరాధన ఇరవై నాలుగు నాడే చేస్తున్నమన్నట్టు. చీకటితోనే లేచి, తలకు పోసుకుని, సలికి వణుక్కుంట చర్చికి పోతం. మీ మిషన్ ఏమో ఏసయ్య ఇంకా పుట్టలే, ఇండ్లకు పోండ్రి అంటది."

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఆమె అంది:

"గా టీచరు సార్ బాబుది గూడ గందుకేనా? శనివారం పడింది?"

"అందుకే."

"నేను చెప్పిన గదా సార్, నేను తారీఖు కొట్టనని."

కోపంగా అనలేదు. సాక్ష్యం చెప్పినట్టు అంది, అంతే. నా చేతిలో కాగితం చూసింది. "సంతకం ఏమన్న పెట్టాల్నా? డాక్టరమ్మ అన్నరు మీరు వస్తరని. పెన్ను ఇయ్యుండ్రి." బల్ల తుడిచి చోటు చేసింది.

ఆమె పెట్టేది. చదవకుండా పెట్టేది. ఆ కాగితం కింద ఆమె పేరు ఉండేది, నేను వేసిన తప్పు పక్కన. అదీ సరైన తారీఖును తప్పని చెప్పే చోట.

"లేదమ్మా. ఇది వేరే కాగితం," అన్నాను. మడత పెట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ మడత కాగితం జేబులో ఉన్నంతసేపూ, ఇప్పటికైనా వెనక్కి పోయి పెట్టించవచ్చు కదా అని ఒక ఆలోచన వస్తూనే ఉంది. అది రానట్టు రాస్తే అబద్ధమవుతుంది.

సాయంత్రం చెల్లె ఇంటికి పోయాను. వాళ్లు మెదక్‌లోనే ఉంటారు. బావకు ట్రాక్టరు సామాన్ల దుకాణం ఉంది. అత్తమ్మ అల్లాదుర్గ్ నుంచి వచ్చి ఉంది. పెద్దది కొత్త యూనిఫాం తొడుక్కుని అద్దం ముందు తిరుగుతున్నది. చిన్నది దాని బెల్టు పట్టుకుని వెనకే తిరుగుతున్నది. చిన్నదానికి ఇంకా కుట్టించలేదు.

"అయ్యిందా అన్నా?" అంది చెల్లె.

కూచోమన్నాను. మొదటి నుంచి చెప్పాను. నర్సు బల్ల, ఖాళీ వరుస, అయిదున్నర, డాక్టరమ్మ మాట, నర్సు అడిగిన పెన్ను. బావ అంతా విని, అంకెలు అర్థం కానట్టు మొహం పెట్టి అన్నాడు:

"మెదక్‌ల పుట్టిన పిల్లకు కల్కత్తా టైమేంది బావా? మా దుకాణంల గడియారం అడిగితే సరిపోతుండె గదా."

"కల్కత్తా అంటే దేశం మొత్తానికి ఒకటే టైము బావా. అది పెట్టకపోవుడే తప్పయింది."

"అయితే చిన్నదానిది దిద్దిస్తవా లేదా, గది చెప్పు."

"చిన్నదానిది సరిగ్గనే ఉంది. పెద్దదానిది తప్పు. ఇద్దరు జూన్ ఒకటినే పుట్టిండ్రు."

ముందు అర్థమైంది చెల్లెకే. లోపలి గది వైపు, అద్దం ముందున్న పిల్ల వైపు చూసింది.

"అంటే దీని సీటు గూడ పోతదా?"

తల ఊపాను.

"పెద్దది మంగళారమే పుట్టింది," అంది అత్తమ్మ. "నేను నా కండ్లతోని సూసిన. పొద్దు పొడవలే. నీ మిషన్ గూడ గప్పుడు గదే చెప్పింది. ఇయ్యాల తప్పంటే ఎట్ల?"

"మీ లెక్క తప్పు కాదత్తమ్మా. మంగళారం మంగళారమే. జాతకం అట్లనే ఉంటది. బడి కాగితం మీది తారీఖు మాత్రం రాత్రి పన్నెండుకే మారుతది. మిషన్ మీ పంచాంగం చూసి చెప్పలే. నేను సరిగ్గ పెట్టక అట్ల పడింది."

"నువ్వు చెప్పకుంటే ఎవ్వరికి తెల్వకపోతుండె," అంది చెల్లె. గొంతు పెంచలేదు. "డాక్టరమ్మ ఒప్పుకున్నదన్నవు. నర్సు పెన్ను గూడ అడిగిందన్నవు. ఇంకేం కావాలె నీకు?"

"నేను చేసిన తప్పు ఆమె మీద ఎట్ల రాస్త?"

"ఆమె పిల్లల బడి పోతదా? ఆమె జీతం పోతదా? నా పిల్లలకు ఏడాది పోతది." కండ్లు తుడుచుకోలేదు, నన్నే చూస్తున్నది. "ఆరేండ్లు నీ లెక్క సక్కగ లేకుంటే నీకేం కాలే. ఒక్క దినంల సక్కగయ్యేసరికి నా బిడ్డల మీద పడ్డది. నువ్వు మంచోనివే అన్నా. మస్తు మంచోనివి."

తప్పు నాది. దాన్ని దిద్దిన గౌరవం కూడా నాకే వచ్చింది. డాక్టరమ్మ కూడా తర్వాత "మీరు కరెక్టుగనే చేసిండ్రు" అంది. నష్టపోయిన ఏడాది మాత్రం ఆ పిల్లలది. ఎటు తిప్పి వేసినా ఈ లెక్కలో నా వైపు ఏమీ తగ్గలేదు, అదే నన్ను తినేస్తున్నది.

బావ నన్ను గేటు దాకా పంపడానికి వచ్చాడు. "దానికి కోపం తగ్గుతది తియ్యి," అన్నాడు. తర్వాత ఆగి, "ఇంకొక పని ఉన్నది బావా. యూనిఫాం ఇప్పుమని పిల్లకు నువ్వే చెప్పు. నాతోని కాదు," అన్నాడు.

నేను లోపలికి పోలేదు. రేపు వస్తానని చెప్పి బండి తీశాను. మర్నాడు కూడా పోలేదు. ఆ పని చెల్లెనే చేసిందని తర్వాత తెలిసింది.

పెద్దదానికి జూన్ ఒకటి అని కొత్త కాగితం వచ్చింది. దానికి పెట్టిన అర్జీలో మిషన్ తప్పు అని, ప్రోగ్రాము కట్టినవాడు సరిగ్గా పెట్టకపోవడం వల్ల అని నేనే రాసి, నేనే సంతకం పెట్టాను. నర్సుకు ఒక ప్రతి ఇచ్చాను. ఆమె చదివి, మడిచి, బైబిలు సంచిలో పెట్టుకుంది. "మీరు గట్ల రాయాల్సింది లేకుండె సార్," అంది. ఆ మాట కూడా నా మీదే బరువైంది. మిగతా పిల్లల ఇండ్లకు డాక్టరమ్మ వద్దన్నా ఆదివారాలు ఒక్కొక్కటిగా పోతున్నాను. కొందరు నవ్వి ఊరుకున్నారు. శివ్వంపేట దగ్గర ఒకాయన, పంచాంగం చూసి మా అయ్యగారు చెప్పిందీ మీ కాగితం మీదున్నదీ ఒక్కటే, మళ్లీ మాకు తిప్పలెందుకు సార్ అని, చాయ తాగి పొమ్మన్నాడు.

బడులు తెరిచిన దినం చెల్లె ఫోన్ చేసింది. ఆమె తనంతట తాను చేయడం అదే మొదటిసారి. బావ సరుకుకు హైదరాబాద్ పోయాడట. పిల్లలను పాత చిన్న బడిలోనే దింపి రమ్మంది. మళ్లీ అదే తరగతిలో, ఈసారి తమకన్నా చిన్న పిల్లల మధ్య. ఇద్దరినీ బండి మీద కూచోబెట్టుకుని పోయాను. గేటు దగ్గర చిన్నది దిగి, ఎవరో తెలిసిన పిల్ల కనబడితే పరిగెత్తింది. పెద్దది దిగలేదు. పాత బడి యూనిఫాం పొట్టిదయింది, మోకాళ్లు కనబడుతున్నాయి.

"మామా, నా తారీఖు తప్పు రాసింది నువ్వేనా?"

"నేనే బిడ్డా."

"మరి దానిది?"

"దానిది సరిగ్గ పడ్డది."

"నాదొక్కటే ఎందుకు తప్పు పడ్డది?"

ఆమె అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆ ప్రశ్నకు అంత కచ్చితమైన జవాబు తెలిసినవాణ్ని నేనే. బండి స్టాండు వేసి, కింద కూచుని, ఆమెకు అందేటట్టు చెప్పాను. ఆ మిషన్‌లో దినం అయిదున్నరకు మారుతుండె. నువ్వు అంతకన్నా ముందు పుట్టినవు. నీ చెల్లె దాటినంక పుట్టింది. అందుకే నీది పాత దినంలో పడింది.

పిల్ల శ్రద్ధగా విన్నది. వేలు మడిచి, తెరిచి, ఏదో చూసుకుంది.

"అయితే నేనే జర ఆగి పుట్టేదుండె," అంది.

కాదని నేను అనేలోపల సంచి భుజానికి తగిలించుకుని గేటులోకి పోయింది. లోపల గంట కొట్టారు.